పైకి బాగానే ఉన్న హెల్మెట్

షాలేమ్‌రాజు తడిగుడ్డతో హెల్మెట్ తుడుస్తున్నాడు. లోపలి థర్మోకోల్ నలిగినచోట బొటనవేలు ఆగింది. పోయిన వానాకాలం వాగు దాటుతూ బండరాయి మీద పడ్డప్పటి దెబ్బ అది. ఆ రోజు ఆయన తలకు చిన్న గాయమైనా కాలేదు.

"కొత్తది తెచ్చుకోండ్రి. ఒకసారి గట్టిదెబ్బ తిన్నది మళ్ల పనికిరాదని మెకానిక్ బొజ్జయ్యన్న చెప్పలే?" అంది భార్య జోజమ్మ.

"పైకి బాగనే ఉంది గదనే. నా పానం కాపాడింది ఇదే. ఎట్ల పారేయమంటవ్?"

బక్కపలుచటి మనిషి. భుజాన ఖాకీ సంచి, అందులో అద్దపు పలకలు, సూదులు, మాత్రలు. భద్రాచలం వైపు అడవిలో తండాలు, గూడేలు తిరిగి జ్వరమొచ్చినవాళ్ల నెత్తుటి చుక్క ఆసుపత్రికి చేర్చడం ఆయన ఉద్యోగం. ఆయన బండి చప్పుడు వింటే పిల్లలు వేళ్లు వెనక్కి దాచుకునేవారు.

ఆ మధ్యాహ్నం తండాలో లచ్చిరాం భార్య సోమ్లి దుప్పటి కింద వణుకుతోంది. షాలేమ్‌రాజు ఆమె వేలు గుచ్చి పలక మీద చుక్క తీసుకున్నాడు.

"జల్దీ చెప్పు సారూ," అన్నాడు లచ్చిరాం.

"ఇయ్యాలనే చూపిస్త. రేపు పొద్దుగాల నేనే వస్త."

తిరుగుదారిలో మలుపు దగ్గర అడవిపంది అడ్డమొచ్చింది. బండి జారి, హెల్మెట్‌తో సహా తల కల్వర్టు గోడకు కొట్టుకుంది. లేచి ముందు సంచి విప్పి చూసుకున్నాడు. పలకలు పగల్లేదు. తల దిమ్మెక్కినా బండెక్కాడు.

ఆసుపత్రిలో పరీక్షలు చేసే హేమలతకు పలకలు అందించాడు. "సోమ్లిది ముందుగాల చూడమ్మా."

"ఏంది సారూ, మాట ముద్దగ వస్తున్నది?"

"తొవ్వల పడ్డ. ఏం కాలే. జర కూసుంట."

గోడవార బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె డాక్టరును పిలుచుకొచ్చేసరికి తల పక్కకు ఒరిగిపోయి ఉంది. జీపులో ఖమ్మం తీసుకెళ్తుంటే, తల్లాడ చేరకముందే ఊపిరి ఆగింది.

"గట్టిగ కొట్లాడన్నా కొట్లాడకపోతినే," అంటూ జోజమ్మ ఆయన తల నిమురుతూనే ఉంది. పైకి ఎక్కడా గాయం లేదు.

మర్నాడు సారు రాకపోయేసరికి లచ్చిరామే ఆసుపత్రికి వచ్చాడు. సోమ్లికి మలేరియా అని తేలింది. మాత్రలు చేతికిచ్చి, హేమలత జరిగింది చెప్పింది. అతను మాత్రలు కండువా కొసకు ముడేసుకుని తండాకు బయల్దేరాడు.

కిటికీ పక్క బల్ల మీద, షాలేమ్‌రాజు తెచ్చిన చివరి పలక మీద, గోరంత నెత్తురు ఎండిపోయి ఉంది.