చిన్న అక్షరాల ‘పారా’

నేను ఒక గుర్తింపు కార్డుని. నీలం పట్టీకి కట్టి మెడలో వేసుకునే రకం. నన్ను చూసి మనుషులు ఇంతవరకు ఎవరినీ సరిగ్గా గుర్తించలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ వేలాడుతూ ఉండటం తప్ప వేరే పని లేనివాళ్లకు మాటలైనా మిగలాలి కదా, అందుకని చెబుతున్నాను.

నేను పుట్టింది చీరాలలో, శుభలేఖలూ స్కూలు పిల్లల బ్యాడ్జీలూ అచ్చువేసే ఒక చిన్న షాపులో. నాకు ఆర్డరిచ్చినాయన పేరు చక్రపాణి. మేడ మీద గదులు అద్దెకు తీసుకుని ఒక ఇన్‌స్టిట్యూట్ నడుపుతాడు. దాని పేరు నా నుదుటి మీదే అచ్చయి ఉంది, అయినా నోటితో చెప్పబుద్ధి కాదు. డిగ్రీ చదివి పని దొరకనివాళ్లకు అక్కడ పారాలీగల్ డిప్లొమా ఇస్తారు. పారాలీగల్ అంటే లాయరు కాదు. లాయరు పనికి చేతిసాయంగా ఉండే మనిషి. కాగితాలు సర్దడం, అర్జీలు రాసిపెట్టడం, వాయిదాలు గుర్తుంచుకోవడం, దిక్కుతోచక వచ్చినవాళ్లను ఎక్కడికి వెళ్లాలో అక్కడికి పంపడం. మంచి పనే. ఆ పనిని చూసి కాదు నేను సిగ్గుపడేది.

షాపాయన కంప్యూటర్ ముందు కూర్చుని నన్ను గీస్తుంటే చక్రపాణి ఆయన భుజం మీదుగా వంగి చూస్తున్నాడు.

“పైన తక్కెడ బొమ్మ పెట్టు. కింద ‘లీగల్’ అని లావుగా కొట్టు. చూస్తే గవర్నమెంటు కార్డులాగా ఉండాల.”

“మరి ‘పారా’ సార్?”

“దాన్ని పక్కన చిన్నగా వెయ్. అసలు వెయ్యకపోతే తప్పయిద్ది. పెద్దగా వేస్తే ఎవరూ చేరరు.”

అలా నేను సగం మాట గట్టిగా, సగం మాట గొణిగినట్టు చెప్పే దాన్నయి పుట్టాను.

నా మీద ఉన్న ఫొటో దామర్ల వనజాక్షిది. మగ్గం నేసే ఇంటి పిల్ల. బీకాం పాసై, చీరల కొట్లో బిల్లులు కొడుతూ ఉండేది. నిలబడి నిలబడి కాళ్లు వాచేవి. “కోర్సు పూర్తవగానే లాయరు ఆఫీసులో కుర్చీ” అని చక్రపాణి పంచిన కరపత్రంలో ఉన్న కుర్చీ బొమ్మ చూసే ఆమె చేరిందని నా అనుమానం. ఆదివారాలు క్లాసులు. పాఠం చెప్పే ఆయన పుస్తకం తెరిచి చదివేవాడు, వీళ్లు రాసుకునేవాళ్లు. అంతే. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటుంటే వనజాక్షి మాత్రం రాజ్యాంగ పీఠిక కంఠతా పట్టింది. ఆమెలో దోషం లేదు. చెప్పినదంతా నేర్చుకుంది. చెప్పినది తక్కువ, అంతే.

డిప్లొమా ఇచ్చిన రోజు చక్రపాణి నన్ను ఆమె మెడలో వేసి ఫొటో తీయించాడు. ఆమె నన్ను తీయకుండానే ఇంటికి నడిచి వెళ్లింది. తల్లి సీతారావమ్మ మగ్గం ఆపి, చెయ్యి చీరకు తుడుచుకుని, నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇంక నువ్వు కోర్టులో కూర్చుంటావన్నమాట.”

“కోర్టులో కాదమ్మా, లాయరు గారి ఆఫీసులో.”

“ఏదైతేనేం, కూర్చుంటావుగా.”

అప్పుడు నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఉద్యోగం కోసం వనజాక్షి కోర్టు వీధిలో ఉన్న లాయర్ల ఆఫీసులన్నీ ఎక్కి దిగింది. ఒకచోట గుమాస్తా బాపయ్య నన్ను చేతిలోకి తీసుకుని కళ్లజోడు పైకెత్తి చదివి, “పారా అంటే ఏందమ్మాయ్, మట్టి తీసే పారా?” అన్నాడు. గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. వనజాక్షి కూడా నవ్వింది, ఏడవలేక. మరోచోట లాయరు గారు మర్యాదగానే కూర్చోబెట్టి అడిగారు. “తెలుగులో టైపింగ్ వచ్చా అమ్మా? నకళ్లకు దరఖాస్తు పెట్టడం తెలుసా? వాయిదా తెలుసుకురమ్మంటే ఎక్కడికి వెళ్తావు?” ఇవేవీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. “మరి ఏం నేర్పారు?” అని ఆయన అడిగితే పీఠిక మొదలుపెట్టింది. ఆయన మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నారు. ఆ ఓపికే మమ్మల్ని ఎక్కువ చిన్నబుచ్చింది.

చివరికి ఆయనే జాలిపడి పనిలో పెట్టుకున్నారు. ఫోన్లు ఎత్తడం, ఫైళ్ల దుమ్ము దులపడం, వచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వడం, తీరిక దొరికితే టైపింగ్ నేర్చుకోవడం. ఒక్కటే షరతు పెట్టారు. “ఆ కార్డు మాత్రం ఆఫీసులో వేసుకోవద్దమ్మా. క్లయింట్లు పొరబడతారు.”

అప్పటి నుంచి నా బతుకు ఒక దొంగాటలా అయింది. వీధి మలుపులో నన్ను తీసి సంచిలో పెట్టేది. సాయంత్రం అదే మలుపులో తీసి మళ్లీ మెడలో వేసుకునేది. ఇంటి చుట్టుపక్కల వాళ్లు నన్ను చూడాలి, ఆఫీసులో వాళ్లు చూడకూడదు. సంచిలో అన్నం డబ్బా పక్కన పడుకుని, ఒక మనిషి గౌరవానికి ఇన్ని మలుపులా అనుకునేదాన్ని.

ఒకరోజు సాయంత్రం నన్ను మెడలో వేసుకుని కోర్టు గేటు ముందు నుంచి వస్తుంటే మస్తానమ్మ కనిపించింది. వాడరేవు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకునే మనిషి, మొగుడు పోయాడు. ఉన్న ఒక్క ఇల్లూ తనదేనని మరిది దావా వేశాడు. కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఎవరిని అడగాలో తెలియక గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమెకు పెద్దక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. నన్ను చూసింది. ‘లీగల్’ అని చదువుకుంది.

“లాయరమ్మా, కాస్త ఇది ఏందో చెప్తావా తల్లీ?”

వనజాక్షి నోరు తెరిచింది. నేను ఎదురుచూశాను. ‘నేను లాయర్ని కాదు పిన్నీ’ అంటుందని. ఆ మాట ఆమె గొంతు దాకా వచ్చింది, నేను వేలాడేది అక్కడే కాబట్టి నాకు తెలుసు. కానీ అది బయటికి రాలేదు. చేతులు చాచి కాగితం తీసుకుంది.

కాగితం సరిగ్గానే చదివింది. ఫలానా తారీఖున కోర్టుకు రావాలి, రాకపోతే మీ మాట వినకుండానే తీర్పు చెప్పేస్తారు అని వివరంగా చెప్పింది. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు వెతికి పెట్టుకోమంది. అంతవరకు చక్కగా చేసింది. పారాలీగల్ చేయవలసిన పనే అది. ఆ తర్వాత మస్తానమ్మ, “ఆ రోజు నువ్వొస్తావుగా?” అని అడిగింది. “వస్తాను” అంది.

నిజంగా మోసం చేద్దామని కాదు. ఈ లోపల ఎవరైనా లాయరుతో మాట్లాడిపెడదాం అనుకుంది. తన ఆఫీసులో అడగడానికి మొహమాటపడింది. అడిగితే, ‘ఆమెకు నువ్వేమని చెప్పావు?’ అని ఆయన అడుగుతారు కదా. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే వాయిదా వచ్చేసింది.

కోర్టు హాల్లో చివరి బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. మస్తానమ్మ పండక్కి కట్టే చీర కట్టుకుని వచ్చింది. పేరు పిలవగానే లేచి చేతులు జోడించింది.

జడ్జి గారు నడివయసు మనిషి. “మీ తరఫున లాయరు ఎవరమ్మా?” అని అడిగారు.

మస్తానమ్మ ధీమాగా వెనక్కి తిరిగి చెయ్యి చూపించింది. “మా లాయరమ్మ ఈమేనండి.”

హాలంతా మా వైపు తిరిగింది. నల్లకోట్ల మధ్య లేత ఆకుపచ్చ చీరలో, నీలం పట్టీ కార్డుతో వనజాక్షి లేచి నిలబడింది. బాపయ్య ఫైళ్లు పట్టుకుని గోడవారన నిలబడి ఉన్నాడు. ఆయన నవ్వలేదు.

“మీరు అడ్వకేటా అమ్మా?”

“కాదండి.”

“మరి?”

“పారాలీగల్ అండి.”

జడ్జి గారు కార్డు చూపించమన్నారు. బిళ్ల బంట్రోతు వచ్చి నన్ను ఆమె మెడలోంచి తీయించి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. జడ్జి గారు నన్ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివారు. ‘లీగల్’ చదివారు. తర్వాత నా అంచు దగ్గర ఏముందా అని వేలు పెట్టి చూశారు. నా మీద ప్లాస్టిక్ పొర లేకపోతే అక్కడికక్కడే సిరా కారిపోయేదేమో, అంత సిగ్గుపడ్డాను.

ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జి గారు తలెత్తి చూస్తే ఆ చప్పుడు ఆగిపోయింది. మస్తానమ్మతో ఆయన నెమ్మదిగా చెప్పారు. “ఈమె మీ తరఫున వాదించడానికి లేదమ్మా. భయపడకండి. ఇదే ఆవరణలో న్యాయసేవల కమిటీ ఆఫీసుంది. అక్కడికి వెళ్తే మీకు ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఇంకో తారీఖు ఇస్తున్నాను.” నన్ను వెనక్కి పంపుతూ వనజాక్షితో ఒక్క మాటే అన్నారు. “దీన్ని లోపల పెట్టుకోండి.”

వరండాలోకి వచ్చాక మస్తానమ్మ ఆగింది. అరిచి తిడితే బాగుండేది.

“లాయర్ని కాదని ఒక్క ముక్క చెప్తే ఏం పోయిద్దమ్మా? నేనేం కొడతానా? కాగితం చదివిపెట్టావు, అదే పదివేలనుకునేదాన్ని. నీ మీద భరోసాతో నేను ఇంకెవర్నీ అడగలా. ఇవాళ ఆ దొర కోపిష్టి అయ్యుంటే నా ఇల్లు పోయేది.”

వనజాక్షి నన్ను సంచిలోకి తోసేసింది. “నన్నెవరూ అట్టా పిలవలేదు పిన్నీ” అంది. “మీరు లాయరమ్మా అన్నప్పుడు కాదని చెప్పబుద్ధి కాలేదు.”

మస్తానమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కోపం తగ్గిందో లేదో నాకు తెలియదు. “సరే, పద. ఆ ఆఫీసెక్కడో చూపించు. అదన్నా తెలుసా?” అంది.

తెలియదు. ఇద్దరూ అడుగుతూ వెళ్లారు.

ఆ ఆఫీసులో మస్తానమ్మకు లాయర్ని ఇచ్చారు. అక్కడే వనజాక్షికి ఇంకో సంగతి తెలిసింది. ఊళ్లో వాళ్లకు చట్టం పనుల్లో సాయం చేసే వాలంటీర్లకు వాళ్లే శిక్షణ ఇస్తారట, ఊరికే. చదవడం, రాయడం, మనుషులతో ఓపిగ్గా మాట్లాడటం వస్తే చాలట. “నా దగ్గర డిప్లొమా ఉందండి” అని ఆమె అంటే, అక్కడ కూర్చున్నావిడ, “ఉంటే ఉండనివ్వండి, అడ్డేం కాదు” అంది. అంతకన్నా పెద్ద మాటలు అని కూడా నన్ను ఇంతగా ఎవరూ అవమానించలేదు.

వనజాక్షి ఆ శిక్షణకు వెళ్లింది. లాయరు ఆఫీసు పని మానలేదు. వాలంటీరు పనితో ఇల్లు గడవదు. సెలవు దొరికిన రోజుల్లో కోర్టు ఆవరణలో సహాయం బల్ల దగ్గర కూర్చునేది. ఎవరొచ్చినా ముందు, “నేను లాయర్ని కాదండి” అని చెప్పి, తర్వాత కుర్చీ చూపించేది. కొందరు ఆ మాట విని లేచి వెళ్లిపోయేవాళ్లు. ఉన్నవాళ్లకు పని చేసిపెట్టేది. మస్తానమ్మ ఇంటి తగాదా లోక్ అదాలత్‌లో రాజీ అయింది. మరిదికి పెరట్లోంచి దారి వదిలింది, ఇల్లు ఆమెకే ఉంది. ఒకరోజు ఎండు మెత్తళ్లు పొట్లం కట్టి తెచ్చి బల్ల మీద పెట్టి, “ఇదిగో వనజా” అంది. నేను సంచి అడుగున ఉండి ఆ పిలుపు విన్నాను.

అప్పుడే చక్రపాణి ఫోన్ చేశాడు. కొత్త బ్యాచ్ మొదలవుతోందట. “మన స్టూడెంట్ లాయరు ఆఫీసులో చేస్తున్నదని చెబితే వాళ్లకు ఉత్సాహంగా ఉంటది. వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పమ్మా. కార్డు వేసుకురా.”

ఆమె వేసుకుని వెళ్లింది. గది నిండా ఆడపిల్లలు, కొందరు మగపిల్లలు. చక్రపాణి మైకు చేతికిచ్చాడు. వనజాక్షి కోర్టులో జరిగిందంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. జడ్జి గారు వేలు పెట్టి ‘పారా’ని వెతికిన సంగతి కూడా చెప్పింది.

ముందు వరసలో ఒకమ్మాయి లేచింది. “మరి ఏం నేర్చుకుంటే పని దొరుకుద్దక్కా?”

“తెలుగు టైపు నేర్చుకో. కోర్టులో ఏ కాగితం ఏ గదికి వెళ్లిద్దో తిరిగి చూడు. నువ్వెవరో ముందే చెప్పడం నేర్చుకో. ఇవి నేర్చుకున్నా పని దొరుకుద్దని నేను చెప్పలేను. నాకు జాలిపడి ఇచ్చారు.”

చక్రపాణి నవ్వుతూనే మైకు తీసుకున్నాడు. “చూశారా, మన స్టూడెంటు ఎంత ధైర్యంగా మాట్లాడుతున్నదో! అది కూడా మన కోర్సులో భాగమే.”

వనజాక్షి నన్ను తీసి బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ప్రశ్న అడిగిన అమ్మాయి, ఇంకొందరు ఆమె వెనకే వెళ్లారు. మిగతావాళ్లు ఉండిపోయారు. ఉండిపోయినవాళ్లలో ఒకమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి నన్ను తీసి మెడలో వేసుకుని ఫోన్లో చూసుకుంది.

“ఎట్టున్నానే?”

“అచ్చం లాయర్లా ఉన్నావే!”

ఇదంతా విని కూడా ఆ పిల్ల ముఖం వెలిగింది. ఆమెను నేనేమీ అనలేను. ఏ చీరల కొట్లోనో నిలబడి నిలబడి ఆమె కాళ్లు కూడా వాచి ఉంటాయి.

ఇప్పుడు నేను ఇన్‌స్టిట్యూట్ ముందు గదిలో, అద్దాల బీరువాలో, మేకుకు వేలాడుతున్నాను. నా కింద ‘మా విజేతలు’ అని రాసి ఉంది. చేరడానికి వచ్చిన తల్లిదండ్రులు నా ముందు ఆగి వనజాక్షి ఫొటో చూస్తారు.

“ఈ అమ్మాయి ఇప్పుడెక్కడ ఉందండి?” అని అడుగుతారు.

“కోర్టులో కూర్చుంటది” అంటాడు చక్రపాణి.

అది అబద్ధం కాదు. ఈ గదుల్లో నేను విన్న మాటల్లో నిజమైనది బహుశా అదొక్కటే. ఆ నిజం విని వాళ్లు చేరిక కాగితం మీద సంతకం పెడతారు. అప్పుడు తల దించుకోవాలనిపిస్తుంది. మెడకు పట్టీ కట్టి మేకుకు తగిలించిన దానికి ఆ వీలు కూడా ఉండదు.