ఊడే ముడి

సోమలింగం పరాయి రాష్ట్రంలోని పాండేసరాలో ముప్పై ఏళ్లు మరమగ్గం నడిపాడు. మగ్గాలు తుక్కుకు పోయాక, సొంత జిల్లావాడైన సూపర్‌వైజర్ రఘుపతి అతణ్ణి హజీరా దారిలోని షెడ్డుకు తెచ్చాడు. అక్కడ సైన్యానికి సరుకు మోసే లారీలకు బాడీ కట్టి, పైన కాన్వాసు కప్పుతారు. ఆ కాన్వాసును తాళ్లతో బిగించడం సోమలింగం పని.

ఆ ఉదయం ఆరు లారీల తనిఖీ. వచ్చినవాడు నెరిసిన మీసాల పాత సుబేదారు. చేతులకు దళసరి తొడుగులు వేసుకొని మొదటి లారీ తాడు పట్టుకున్నాడు. పీకాడు. గుంజాడు. ముడి కదల్లేదు.

"మంచుకొండల్లో సిపాయి చేతులకు ఇవే ఉంటాయి," అన్నాడు హిందీలో. "సామాను దించాలంటే పళ్లతో కొరకాలా? మధ్యాహ్నం దాకా ఆగుతాను. తర్వాత ఆరూ వాపసు."

రఘుపతి మొహం మాడిపోయింది. "ఏంది కాకా గిది? ఏం ముడేసినవ్?"

"తెగిన పోగు అతికే ముడి. సచ్చినా ఊడది."

"గదే గదా తిప్పలు! లారీలు వాపసైతే సేఠ్ రేపటి సంది నిన్ను గేటు లోపలికి రానియ్యడు."

సోమలింగం పాత ముడి కోసేసి తాడు చేతిలోకి తీసుకున్నాడు. ఊడే ముడి అతను చూసింది ఒక్కచోటే. ఊళ్లో భార్య లలితమ్మ దూడను అట్లా కట్టేది. తాడును గుంజ చుట్టూ తిప్పి, కొసను మడిచి దోపేది. కొస లాగితే విడిపోయేది. "కొట్టానికి అగ్గంటుకుంటే ముడి ఇప్పుకుంట కూసుంటమా?" అనేది. ఒకసారి దూడే ఆ కొస నమిలి లాగి, పక్కోళ్ల మక్కచేను మేసింది. సోమలింగం నెల రోజులు ఆమెతో ఫోన్‌లో మాట్లాడలేదు. ఆమె పోయి నాలుగేళ్లు. ఆ తప్పు ఇంకా మాఫీ చేయలేదు.

లారీ కడ్డీ చుట్టూ తాడు తిప్పాడు. కొస మడిచి దోపాడు. జారిపోయింది. మళ్లీ దోపాడు. మళ్లీ జారింది.

ఆమెది ఎడమచేతి వాటం.

తాడును ఎడమచేతికి మార్చుకున్నాడు. నిలిచింది.

మధ్యాహ్నానికి ఆరు లారీలకూ అదే ముడి పడింది. సుబేదారు కాన్వాసును ఊపి చూశాడు. కదల్లేదు. కొస గుంజాడు. తెరుచుకుంది. కాగితం మీద సంతకం పెట్టాడు.

"జబర్దస్త్ కాకా! ఎవలు నేర్పిండ్రు?" అన్నాడు రఘుపతి.

"మా ఇంటామె."

"మరి పొద్దుగాల్నే ఎయ్యకపోతివి?"

"గీ ముడితోనే మా దూడ ఊడిపోయి మంది చేను మేసింది. దూడ నోటికి అందేటట్టు కొస గంత పొడుగు ఇడుస్తరా?"

కత్తెర తీసుకొని మొదటి లారీ దగ్గరికి పోయాడు. తొడుగు వేసిన చేతికి అందేంత మటుకే ఉంచి, కొసలు కత్తిరించడం మొదలుపెట్టాడు.