బ్రేకులు అయిపోయాయంట

బ్రేకులు బాగుచేయించని లారీవాడంటే నాకు ఒళ్లు మంట. జయరాం ఆ బాపతు మనిషే. తొంభై తొమ్మిదిలో సింగపూర్‌లో వీధికో కంప్యూటర్ ఆఫీసు తెరుస్తున్నారు. సామాను మోసే అతని పాత లారీకి ఊపిరాడేది కాదు. బ్రేకు తొక్కితే కీచుమనేది. వచ్చే వారం చూద్దాంలే అనేవాడు. ఆ వచ్చే వారం రావడమూ పోవడమూ మామూలైపోయింది.

భార్య నాగరత్నం మాత్రం ఊరుకోలేదు. లారీ వెనక పెట్టెల మధ్య కూర్చుని వెళ్లేది ఆమె తమ్ముడు పైడిరాజు. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. ఆమె పోరు పడలేక జయరాం చివరికి లారీని వుడ్‌ల్యాండ్స్‌లో ఒక చైనా మెకానిక్ షెడ్డులో వదిలి వచ్చాడు.

మర్నాడు మెకానిక్ ఇంటికి ఫోన్ చేసి, మలయ్‌లో "బ్రేక్ హబిస్" అన్నాడు. పూర్తిగా అరిగిపోయాయి, కొత్తవి తెప్పించాలి, మీ ఆయన్ని వచ్చి మాట్లాడమన్నాడు. నాగరత్నం సింగపూర్‌లోనే, సెంబవాంగ్‌లో పుట్టి పెరిగింది. వాళ్లింట్లో ఉప్పు నిండుకున్నా హబిసే, ఓపిక నశించినా హబిసే. భర్త అనకాపల్లి మనిషి, ఆయనకు మలయ్ అంతంత మాత్రం. అందుకని తెలుగు చేసి చెప్పింది.

"బ్రేకులు అయిపోయాయంటండీ. వెళ్లి ఆయనతో మాట్లాడండి."

మన భాషలో ఉప్పు నిండుకున్నా అయిపోవడమే, పని పూర్తయినా అయిపోవడమే. తొందరలో ఉన్నవాడు తనకు కావలసిన అర్థమే వింటాడు. బాగుచేయడం అయిపోయిందనుకుని జయరాం సంతోషంగా బయలుదేరాడు.

షెడ్డులో మెకానిక్ లేడు, హాకర్ సెంటర్‌కు భోజనానికి వెళ్లాడు. తాళంచెవి ఎప్పటిలా మేకుకు వేలాడుతోంది. జయరాం లారీ తీసుకుని పోయాడు.

పెట్టెలు ఎక్కించాక పైడిరాజు బ్రేకుల సంగతి అడిగాడు. బాగుచేశారు, ఎక్కమన్నాడు బావ. అతను ఎక్కాడు.

దారిలో బ్రేకు పెడల్ లోపలికి దిగిపోతుంటే, కొత్తవి కదా, సర్దుకోవాలనుకున్నాడు జయరాం. ఫ్లైఓవర్ దిగేచోట ఎర్రలైటు పడి, ముందు ఒక ట్రైలర్ ఆగింది. బలమంతా పెట్టి తొక్కాడు. లారీ ఆగలేదు, వెళ్లి ట్రైలర్‌ను గుద్దింది. వెనక ఇనుప బీరువాల్లాంటి కంప్యూటర్ పెట్టెలు ముందుకు జారి పైడిరాజును క్యాబిన్ గోడకేసి నొక్కేశాయి. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. జయరాంకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

ఆసుపత్రి వరండాకు పోలీసాయన వచ్చాడు, మెకానిక్ కూడా వచ్చాడు. బ్రేకులు పూర్తిగా అరిగిపోయాయని ఫోన్‌లోనే చెప్పానన్నాడు మెకానిక్. నాగరత్నం భర్త వైపు తిరిగింది.

"అయిపోయాయని చెప్పాను కదండీ."

అప్పుడు తెలిసింది జయరాంకు. నేను వేరేగా అర్థం చేసుకున్నానని ఒక్క మాట అంటే తన తప్పు సగం తగ్గుతుంది. ఆ సగం ఎవరి నెత్తిన పడుతుందో కూడా తెలిసింది. తన నోటి మాటకే తమ్ముడు పోయాడని ఆమె బతికినంత కాలం కుమిలిపోతుంది.

బ్రేకులు పాడైన సంగతి నీకు ముందే తెలుసా అని పోలీసాయన అడిగాడు.

"తెలుసు" అన్నాడు జయరాం.

నాగరత్నం అతని దగ్గరికి వచ్చి నిలబడింది.

"తెలిసే మా తమ్ముణ్ణి ఎక్కించారా?"

"తెలిసే ఎక్కించాను."