బండ్లబాటకు ముళ్లకంప

అది 2013 యాసంగి. వరి పొట్ట మీదుంది. కోర్టు మనిషి ఇద్దరు పోలీసులను వెంటేసుకుని మామిడిపల్లిలో కుర్మయ్య బావి దగ్గరికి వచ్చి, మోటారు పక్కనున్న డబ్బాను వైర్లతో సహా పెరికేశాడు.

"నీళ్లు పారుతున్నయి సారూ. మడి తడిసెదాక జర ఆగుండ్రి" అని కుర్మయ్య బతిమాలాడు. ఆగలేదు.

ఆ డబ్బా డోర్కాస్ చేసింది. ఇంటినుంచి ఫోన్ చేస్తే మోటారు నడిపే డబ్బా. ఊరి ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న కార్ఖానాలో ఆమెది సోల్డరింగ్ పని. సాయంత్రానికి అక్కడి డబ్బాలన్నీ వ్యానెక్కాయి. ఇక చేయకూడదని కోర్టు ఉత్తరువు ఆమె చేతిలో పెట్టారు.

ఆమెకు శంషాబాద్ సభ గుర్తొచ్చింది. ఏ మోటారుకైనా ఏ డబ్బా అయినా అతకాలంటే అందరిదీ ఒకే పద్ధతి కావాలని చిన్న కార్ఖానాలన్నీ అక్కడ కూర్చున్నాయి. ఒక కంపెనీ తన పేటెంటున్న కిటుకును అందులో కలపమంది. వాడుకున్న ఎవరి మీదా కేసు వేయబోమని అందరి ముందు మాటిచ్చింది. అది నమ్మి, డబ్బాను నడిపే ప్రోగ్రామును ఎవరైనా చూసుకునేట్టు, దిద్దుకునేట్టు నెట్‌లో పెట్టారు.

దాన్ని రాసిన జగదీశ్ ఒక్కడే ఆనాడు లేచి, "రేపు పేటెంటు ఇంకొకలకు అమ్మితె?" అని అడిగాడు.

సభకు వచ్చిన రైతుల్లోంచి కుర్మయ్య పకపకా నవ్వాడు. "చేను అమ్మితె బండ్లబాట గూడ అమ్ముడుపోతదారా? కొన్నోడు బాట ఇడిశిపెట్టే దున్నుకోవాలె." సభంతా నవ్వింది. ఆ సంగతి ఎవరూ రాయించుకోలేదు.

కంపెనీ పేటెంటును అమ్మేసింది. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు.

డబ్బాలు పోయిన మరునాడు రైతులూ కార్ఖానా వాళ్లూ కలిసి విమానాశ్రయం దారిలోని కొత్త కంపెనీ ఆఫీసుకు పోయారు. మేనేజరు కోస్తా మనిషి. గేటు లోపలే నిలబడి మర్యాదగా చెప్పాడు.

"చూడండమ్మా, మాటిచ్చింది పాతవాళ్లు. మేం కొన్నది హక్కునండి, వాళ్ల మాటను కాదు."

"ఇల్లు గొన్నం గని పునాది మాది గాదన్నట్టుంది నీ ముచ్చట" అంది కుర్మయ్య భార్య సత్తెమ్మ.

"లైసెన్సు తీసుకోండి. ఎవరు వద్దన్నారు?"

"అందరం మీ కిటుకుల ఇరుక్కున్నంక గొంతు పిసుకుతున్నరు" అన్నాడు జగదీశ్. మేనేజరు వాచీ చూసుకున్నాడు.

డోర్కాస్ పొద్దున ప్రార్థన చేసుకునే వచ్చింది. ఇచ్చిన మాటకు దేవుడు సాక్షి అని చిన్ననాటి నుంచి నమ్మిన మనిషి. మాటను వదిలేసి, దాని మీద పండిన పంటను మాత్రం అమ్ముకోనిచ్చే చట్టం ఎవరి కోసం రాశారో ఆమెకు అర్థం కాలేదు.

"కుర్మయ్యన్నా, బాటకు ముళ్లకంప కొడితె మీరు ఏం జేస్తుంటిరి?"

కుర్మయ్య తలెత్తలేదు. "ఒక్కడు పోతె తంతరు. గందుకే ఊరి బండ్లన్ని ఒక్కపారే కడుతుంటిమి."

ఆదివారం ఆరాధన కాగానే ఆ గేటు ముందే బల్లలు వేశారు. బాలాపూర్, అత్తాపూర్ రిపేరు షాపుల వాళ్లు, కాలేజీ పిల్లలు, రైతులు వచ్చారు. దాపరికం లేదు. ఎవరి డబ్బా వాళ్లే చేసుకోవడం డోర్కాస్ నేర్పుతోంది. ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించిన సోల్డరింగ్ ఐరన్ నుంచి పొగ లేస్తోంది.

జీపు దిగిన ఎస్సై అడిగాడు. "ఉత్తరువు ఎవరికిచ్చిన్రు?"

"నాకే సార్."

"మరెందుకు కూసున్నవమ్మా ఈడ?"

"మాటిచ్చినోళ్లను మీరు అడుగలే గద సార్. అందుకని కూసున్న."

ఆడ కానిస్టేబుల్ ఆమె చెయ్యి పట్టి లేపింది. జీపు తలుపు మూసుకుంది. వైర్లు పోయిన మోటారు నడవక కుర్మయ్య మడి అప్పటికే నెర్రెలు విచ్చింది. ఇక ఏ డబ్బా వచ్చినా ఆ పంట లేవదు. ఆ సంగతి తెలిసీ అతను పోయి డోర్కాస్ కుర్చీలో కూర్చున్నాడు. వేడిగా ఉన్న ఐరన్‌ను మోటు వేళ్లతో పట్టుకుని, పక్కన పనిచేస్తున్న కార్ఖానా పిల్ల కవిత వైపు తిరిగాడు.

"ఇగ చెప్పు బిడ్డా. గీ తీగ యాడ అతకాలె?"

వెనక వరస జనం చూడ్డానికి ముందుకు జరిగారు.