అరసెకను చూపు

వర్షధారాక్షాళితమై నిర్మలనీలకాంతుల నీనుచున్న యాశ్వయుజమాసగగనంబున బాలభానుండు పసిడికిరణంబులు పరపుచుండ బొబ్బిలిలోని కూర్మనాథుని ఛాయాచిత్రశాలకు వీరేశాచారి యను వృద్ధ వీణాశిల్పి భార్యయగు బంగారమ్మ చేయి పట్టుకొని మెల్లమెల్లన నడచివచ్చెను. పనసమ్రాను తొలిచి వీణగా మలచుట యాతని పని. మలచిన ప్రతివీణకును తొలిరాగము పలికించుట యామె పని. ఇపుడాతని కన్నులను నీటికాసులు కమ్ముచుండెను. కార్తికము దాటకమున్నే చూపు పూర్తిగ నారునని వైద్యుడు చెప్పియుండెను. ఎదుట కూర్చున్న మనిషి మసకమసకగా తోచినను కంటికానించుకొన్న పటము మాత్రమింకను కనబడుచుండుటచే, వీణ వాయించు భార్యరూపమును పటమున తనివిదీర చూచి మనసున నిలుపుకొనవలెనని యాముసలివాని యాశ.

కూర్మనాథుడు తన కెమేరాను చూచుకొని తానే మురియువాడు. పటమున కదలిక మసకగా పడుట తనకు తలవంపులని యాతని నిశ్చయము. కావున పట్టపగలే దీపములు వెలిగించి, షట్టరు సెకనులో వేయవవంతు మాత్రమే తెరచుకొనునట్లమర్చి మీట నొక్కెను. అచ్చువేసిన పటమున తీగె నిలిచెను. వ్రేలును నిలిచెను. వీరేశాచారి పటమును కంటికానించుకొని చాలసేపు వెదకెను.

"ఒలే బంగారీ! ఇందల నువ్వు వాయించట్లేదే. తీగ మీద ఏలెట్టుకుని ఊరకే కూకున్నావేటి?"

"అయ్యో, వాయించానండీ! కల్యాణి వాయించాను" అని యామె చిన్నబోయెను.

కూర్మనాథుని గర్వము చప్పున చల్లారెను. షట్టరనునది కెమేరాకు కనురెప్ప. అది వడిగా మూసికొన్నచో వ్రేలిని వీణమెట్టుపై బంధించును. నిదానముగ మూసికొన్నచో తీగెను లాగి విడుచు గమకమంతయు పటమున వ్యాపించును. అయితే తల యిసుమంత కదలినను ముఖమును కరగిపోవును గదా!

"అర సెకను తెరిచి ఉంచుతానమ్మా. చేతులు మీ ఇష్టం, తల మాత్రం కదపకండి" అని యాతడు వేడుకొనెను.

రాగము పలికించుచు తలయూపకుండుట యామె తరము గాకపోయెను. రెండుమారులు ముఖము చెదరెను.

"నా వల్ల కాదు బాబూ! మెట్లకేసి సూస్తే తల దానంతటదే ఊగిపోతంది."

"మరెక్కడైనా చూపు నిలపండమ్మా."

ఆమె దిక్కులు పరికించి, కెమేరాప్రక్కన పీటపై కూర్చున్న మగనిమోమున చూపు నిలిపి వీణ మీటెను. షట్టరు తెరచుకొని మెల్లన మూసికొనెను.

క్రొత్తపటమున వ్రేళ్లు సాంబ్రాణిపొగవలె తీగెలపై తేలియాడుచుండెను. ముఖము మాత్రము, మగడు కూర్చున్న పీటవంకనే చూపు నిలిపి, నిశ్చలమై వెలుగుచుండెను. వీరేశాచారి కన్నులనుండి నీరు జాలువారెను.

"ఇన్నేళ్లు వాయించినావు గానీ, నన్ను సూస్తా వాయించింది ఇదే మొదలు కదే!"

"సిగ్గేసేదండీ" అని యామె పైటకొంగుతో నాతని చెంపలు తుడిచెను.

కార్తికమున చీకటి చెప్పినట్లే వచ్చెను. ఆనాటినుండి ప్రతిసాయంకాలమును బంగారమ్మ మగని కెదురుగా కూర్చుండి, మెట్లవంక చూడక, తన్ను చూడజాలని యాకన్నులలోనికి చూచుచునే వీణ వాయించుచుండెను.