అత్తమ్మ తిట్లలో అలంకారాలు

పర్వీన్ పదో తరగతి తెలుగులో ఒకసారి తప్పింది. అదీ నాలుగే మార్కులకు. "కింది కథలోని అలంకారాలు గుర్తించండి" అన్న ప్రశ్న దగ్గర పెన్ను మొరాయించింది. లాలాగూడలో ఇంటెడు చాకిరీ చేసుకుంటూ ముప్పై ఆరేళ్లకు ఓపెన్ స్కూల్లో చేరిన మనిషికి ఈ అనుప్రాసలేమిటి, ఈ పరేషాన్ ఏమిటి? కానీ ఈసారి పాసైతేనే తను ఆయాగా చేస్తున్న బడిలో లైబ్రరీ పని ఇస్తామన్నారు. లేకుంటే మళ్లీ ఆ చీపురే.

పరీక్ష సోమవారం. శనివారం పొద్దున పప్పు మాడింది. అత్త బానో వంటింట్లోకొచ్చింది. ఆవిడకు మామూలుగా మాట్లాడటం పుట్టుకతోనే రాదు.

"గీ మాడు వాసనకు మౌలాలి గుట్ట మీదోళ్లు సుత ముక్కులు మూసుకున్నరు."

వేరే రోజైతే పర్వీన్ ఏడ్చేది. ఇవాళ మాత్రం గరిటె పక్కన పడేసి నోట్‌బుక్ తీసింది. ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్తే అతిశయోక్తి. ఓర్నీ, ఇన్నాళ్లూ ఇంట్లోనే పెట్టుకుని ఎక్కడెక్కడో వెతికానే అనుకుంది.

"బొమ్మ లెక్క నిలబడ్డవేంది?" ఉపమ.

"గిన్నె గీకు, గరిటె గీకు, గడప గూడ గీకు." వృత్త్యనుప్రాస.

రూపకం ఎంతకీ దొరక్కపోతే, కావాలనే చాయ్‌లో చక్కెర వెయ్యలేదు. "నా బతుకుబండి నీ చేతుల పడ్డది," అంది బానో. దొరికింది. ఆదివారానికి పేజీ నిండింది, ఒక్క స్వభావోక్తి తప్ప. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆ నోటికి ఎక్కడిది?

ఆ మధ్యాహ్నం నోట్‌బుక్ బానో కంటబడింది. కూడబలుక్కుంటూ చదివింది. తన తిట్లన్నీ తారీఖులతో సహా ఉన్నాయి. పోయి కుర్చీలో కూచుంది.

"యూసుఫ్‌కి చూపిస్తవా?" అంది. యూసుఫ్ ఆవిడ కొడుకు, పర్వీన్ మొగుడు. ఆ బెదురు గొంతు విని పర్వీన్‌కు సిగ్గేసింది.

"అవి తప్పులు గావు అత్తమ్మా, అలంకారాలు. మాటకు పెట్టే నగలు. పరీక్షల అడుగుతరు."

బానో మళ్లీ ఆ పేజీ మీదికి వంగింది. "గిన్ని నగలు నా దగ్గరున్నయా?" అంది. ఇక ఆ పూటంతా నోరు విప్పలేదు. పర్వీన్‌కు ఇల్లు బోసిగా అనిపించింది.

సోమవారం గుమ్మం దగ్గర బానో ఆపింది. "రెండ్రోజుల సంది చదువుతున్నవ్. కళ్లు ఎర్రగైనయి. చేతులు వణుకుతున్నయి. పోయి రాయి, అన్నం నేనొండుత."

ఇంకేమైనా అంటుందేమోనని పర్వీన్ నిలబడింది. బానో అప్పటికే వంటింటి దారి పట్టింది.

ప్రశ్నపత్రంలోని కథ చదువుతుంటే ప్రతి వాక్యమూ బానో గొంతుతోనే వినిపించింది. అలంకారాలన్నీ ఇట్టే దొరికాయి. ఆఖరి ప్రశ్న: స్వభావోక్తికి సొంత ఉదాహరణ.

పర్వీన్ గుమ్మం దగ్గరి మాటలు పొల్లుపోకుండా రాసింది. రాస్తుంటే కళ్లు ఇంకాస్త ఎర్రబడ్డాయి.