ఆపద్ధర్మ బ్యాటరీ

నేను ఒక చిన్న బ్యాటరీని. చిన్న అని నేనంటే వినయం, మీరంటే పొరపాటు. గుంటూరులో ఒక ఫొటో స్టూడియో కంప్యూటరు కింద, యూపీఎస్ పెట్టెలో నా కొలువు మొదలైంది. కరెంటు పోయినప్పుడల్లా ఎందరి పెళ్ళిఫొటోలనో కాపాడాను. కరెంటు ఉన్నంతసేపూ నన్ను తలుచుకున్న నాథుడు లేడు. కొత్త పెట్టె కొనగానే నన్ను పాతసామాన్ల కొట్టుకు పంపేశారు.

అక్కణ్ణుంచి నన్ను తెచ్చుకున్నవాడు విజయవాడ ఆటోనగర్ మెకానిక్కు జిలానీ. నాకు రెండు వైర్లు అతికించి, కారు స్టీరింగు కింద ఉండే సాకెట్టులో పట్టే ప్లగ్గు బిగించాడు. రిపేరు కోసం పెద్ద బ్యాటరీ విప్పితే కారుకు మతి పోతుంది. గడియారం, రేడియో స్టేషన్లు, ఎవరి బటను నొక్కితే సీటు ఎంత ముందుకు జరగాలో, అన్నీ మరిచిపోతుంది. ఆ కాసేపూ మతి నిలబెట్టడం నా పని. అందుకే జిలానీ నాకు 'ఆపద్ధర్మం' అని పేరు పెట్టాడు. ఆపద్ధర్మ మంత్రులు పెద్దగా పనేం చెయ్యరట. ఆ పేరుకు పని నేర్పినదాన్ని నేనే.

ఒక గురువారం హైమవతి గారనే ఆవిడ కారు తెచ్చింది. ఆసిడ్ కారి బ్యాటరీ కింది తట్ట తుప్పు పట్టింది. తట్టా, బ్యాటరీ రెండూ మార్చాలి. బ్యాటరీ తీస్తే సీటు సెట్టింగులు పోతాయని ఇంకో షెడ్డులో చెబితే, భయపడి కారు వెనక్కి తిప్పుకొచ్చిందట.

"రెండో బటను నాదండీ, పోయినా పరవాలేదు. ఒకటోది మావారిది. అది చెరిగిపోతే మళ్ళీ పెట్టడానికి ఆయన లేరు," అంది.

జిలానీ కిటికీ అద్దం దించి, నన్ను సీటు ముందు చాప మీద కూర్చోబెట్టి, ప్లగ్గు పెట్టి తలుపు మూశాడు. లైట్లన్నీ ఆరేదాకా ఆగి, అప్పుడు పెద్ద బ్యాటరీ ఊడదీశాడు. ఇక ఆ కారుకు దిక్కు నేనే.

అతను బానెట్టులో తలదూర్చి తట్ట బోల్టులు విప్పుతుండగా సాంబ్రాణి ఫకీరు వచ్చాడు. గురువారం గురువారం ఆటోనగర్‌లో ప్రతి షెడ్డుకూ ఆయన పొగ వేస్తాడు. షెడ్డులో ఉన్న బండి తలుపు తీసి, లోపల కూడా వెయ్యడం ఆయన అలవాటు. అలాగే తీశాడు. అంతే, లోపలి లైట్లు, తలుపు లైట్లు, డాష్‌బోర్డు తెర ఒక్కసారిగా మేల్కొన్నాయి. పెద్ద బ్యాటరీ మొయ్యాల్సిన బరువంతా నా నెత్తిన పడింది. ఆయన తీరిగ్గా కారును దీవిస్తున్నాడు. ఆ దీవెన నా ప్రాణం మీదికి వచ్చింది.

తలుపు తెరిచి ఉందని కారు పెట్టిన కూత విని జిలానీ తలెత్తాడు. "బాబా, తలుపు ముయ్యి. లోపల మనిషి సీటుంది," అన్నాడు.

ఫకీరుకు అర్థం కాలేదు గానీ మెల్లగా మూశాడు. మూసినా ఆ పాడు లైట్లు వెంటనే ఆరితేనా? హైమవతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. నాకు నీరసం ముంచుకొస్తోంది. పెళ్ళిఫొటోలైతే మళ్ళీ ఎక్కడో ఒక కాపీ దొరుకుతుంది, దీనికి దొరకదు అనుకుని బిగబట్టాను. లైట్లు ఆరాయి. నేను ఆరలేదు.

కొత్త బ్యాటరీ బిగించాక ఆవిడ సీట్లో కూర్చుని ఒకటో బటను నొక్కింది. సీటు వెనక్కి జరిగింది, ఇంకా జరిగింది, తన చోటికి వెళ్ళి ఆగింది. ఆవిడ కాళ్ళు బ్రేకుకు చాలా దూరంలో ఉన్నాయి.

"అందట్లేదు," అంది నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ. "ఎప్పుడూ అందేవి కాదు."

కాసేపు అలాగే కూర్చుని, రెండో బటను నొక్కి కారు తీసుకెళ్ళింది.

ఆ రోజు నుంచి నాలో చార్జింగు నిలవడం లేదు. నన్ను విప్పి సీసం కింద తూకం వేస్తారట. వెయ్యనివ్వండి. ఒక మనిషి కూర్చున్న చోటు కాసేపు నా చేతుల్లో ఉంది. దాన్ని వెంట్రుకవాసి కదలనివ్వలేదు.